పురుగు మందుకి అలవాటు పడిందా, మొండివే మిగిలాయా: ఏ వివరణ మేలు?

గుంటూరు చుట్టుపక్కల పత్తి రైతుల్ని ఎవర్ని అడిగినా ఒకటే మాట: “కొట్టగా కొట్టగా పురుగు మందుకి అలవాటు పడిపోయింది.” 1987లో కోస్తా పత్తిలో శనగపచ్చ పురుగు పైరెత్రాయిడ్ మందులకు లొంగనప్పుడూ చాలామంది అలాగే అనుకుని ఉంటారు.

డార్విన్ దారిలో చెప్తే కథ వేరు. ఏ పురుగూ ఏదీ అలవాటు చేసుకోలేదు. మందు పడకముందే ఎక్కడో కొన్ని దాన్ని తట్టుకునే గుణంతో పుట్టి ఉన్నాయి. మిగతావి చచ్చాయి, ఇవి గుడ్లు పెట్టాయి. మందు ఆ గుణాన్ని పుట్టించలేదు, ఏరిపెట్టింది, అంతే. ఈ ఏరివేతనే ప్రకృతి వరణం అంటారు.

ఏదైతేనేం, చేను పోయిందిగా అంటారా? తేడా వచ్చేది తర్వాత ఏం చేస్తామన్న దగ్గరే. అలవాటే అనుకున్నవాడు మోతాదు పెంచుతాడు. దాంతో మిగిలిన కాస్త మెత్తవీ పోయి, మొండివాటికి చేను రాసిచ్చినట్టవుతుంది. రెండో వివరణ నమ్మినవాడు వేరే రకంగా పనిచేసే మందుకి మారతాడు.

2002లో పురుగుని చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తి వచ్చాక 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం విడిగా ఇచ్చేవాళ్లు, చేను చుట్టూ వేయమని. “పురుగుకి మేత మనమే పెట్టాలా?” అని చాలామంది పక్కన పడేశారు. కోపం న్యాయమే. కానీ ఆ వరసల్లో బతికిన మెత్త పురుగులు మొండివాటితో జతకడితేనే మొండితనం త్వరగా పాకదు. అలవాటు సిద్ధాంతంతో ఆ చిన్న ప్యాకెట్‌కి అర్థమే దొరకదు. నా ఓటు రెండోదానికే.

అలాగని దాన్ని మిర్చి యార్డులోకీ లాక్కెళ్లకూడదు. అడవి మిరపకి కారం ఎందుకంటే ప్రకృతి వరణం జవాబు బాగానే ఉంటుంది: పక్షులకి ఆ మంట తెలీదు, గింజల్ని నమిలేసే ఎలుకలకి తెలుస్తుంది. తేజ రకానికి ఘాటు, బ్యాడిగికి రంగు ఎందుకంటే మాత్రం కారణం పిట్టలు కాదు, విత్తనం ఏరుకున్న రైతూ కొనే మార్కెట్టూ.

ప్రతి లక్షణం వెనకా ఒక లాభం ఉండి తీరాలనే ధోరణిని గూల్డ్, లెవాంటిన్ అనే జీవశాస్త్రవేత్తలు 1979లోనే గట్టిగా తప్పుపట్టారు. ఆవకాయ తిని చెమటలు కక్కడమే చూడండి. వేడిని పసిగట్టే నాడుల గ్రాహకానికే మిరపలోని క్యాప్సైసిన్ అతుక్కుంటుంది, ఒళ్లు నిజంగానే కాలుతోందనుకుంటుంది. ఇక్కడ ఆ గ్రాహకం సంగతి చెప్తే చాలు, చెమటకి వేరే ప్రయోజనం వెతకడం దండగ.