రామేశ్వరం రైలు ప్రయాణం: పాంబన్ పాత వంతెన, కొత్త వంతెన

తిరుపతి–రామేశ్వరం ఎక్స్‌ప్రెస్ ఎక్కే మనవాళ్లకు ఒడ్డున చివరి స్టేషనైన మండపం దాటగానే వచ్చే సముద్రమే అసలు ఆకర్షణ. ఆ సముద్రం మీదుగా రామేశ్వరం దీవికి చేర్చే పాంబన్ రైలు వంతెన పాతబడడంతో, 2025 ఏప్రిల్ 6న కొత్త వంతెన మొదలయ్యాక ఆ అనుభవం పూర్తిగా మారింది. ప్రయాణికుడికి కొత్తదే మేలు. ఇంజనీరింగ్ మీద మక్కువ ఉన్నవాళ్లకు మాత్రం నా ఓటు పాతదానికే.

పాత వంతెన మీద, ముఖ్యంగా ఓడల కోసం తెరుచుకునే షెర్జర్ భాగం మీద, రైలు గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పాకేది. కొత్తదాని మీద 75 దాకా, లేచే భాగం మీద 50 దాకా అనుమతి ఇచ్చారు. రెండు కిలోమీటర్ల పైచిలుకు వంతెన రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఫోటోలు కావాలంటే మండపంలోనే కిటికీ దగ్గర సర్దుకోండి. తలుపు దగ్గర నిలబడొద్దు, ఇక్కడి గాలి ఒక్కసారిగా తోస్తుంది.

1914 ఫిబ్రవరి 24న మొదలైన పాత వంతెనలో 40 అడుగుల స్పాన్లు (రెండు స్తంభాల మధ్య భాగాలు) 145. ఓడల దారి మీద ఉన్నది ఒకే ఒక్క 225 అడుగుల షెర్జర్ స్పాన్. దానికి రెండు రెక్కలు, ఒక్కోటి 415 టన్నులు. మోటారు లేదు, మనుషులే గేర్లు తిప్పి లేపేవారు. రెక్క మొదలు బండిచక్రం ముక్కలా గుండ్రంగా వంగి ఉంటుంది. రెక్క లేచేటప్పుడు ఆ వంపు అడ్డంగా పరిచిన పట్టీ మీద వెనక్కి దొర్లుతుంది. వెనకవైపు ఉండే కౌంటర్‌వెయిట్ (ఎదురు బరువు) రెక్కకు సరితూగుతుంది కనుక మనుషులు నెగ్గాల్సింది రాపిడినీ గాలినీ మాత్రమే. పైగా లేస్తూనే వెనక్కి జరుగుతుంది కాబట్టి, ఒకేచోట ఇరుసు మీద తిరిగే రకంకంటే ఓడలకు దారి ఎక్కువ దొరుకుతుంది. ఎంత చక్కటి ఆలోచన!

1964 డిసెంబరు తుపానులో 126 గర్డర్లు (పట్టాలను మోసే ఉక్కు దూలాలు) కొట్టుకుపోయినా షెర్జర్ స్పాన్ నిలిచింది. రైల్వే ఇంజనీరు ఇ. శ్రీధరన్ ఆధ్వర్యంలో, సముద్రంలో పడ్డ గర్డర్లను వెతికి తెచ్చి మరీ, 46 రోజుల్లో వంతెనను నిలబెట్టారు. (ఆ రాత్రి ప్యాసింజర్ రైలు మునిగింది ఈ వంతెన మీద అనుకుంటారు చాలామంది. కాదు, ధనుష్కోటి దగ్గర.)

పాత వంతెనను ఓడించింది తుప్పు. రివెట్లు కొట్టిన ప్లేట్ల సందుల్లోకి దిగిన ఉప్పుతేమ ఓ పట్టాన ఆరదు. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది గనుక ప్లేట్లను లోపలినుంచి విడదీస్తూ పోతుంది. పైన ఎన్ని పూతలు వేసినా సందు లోపల జరిగేది ఆగదు. షెర్జర్ భాగం బాగా దెబ్బతినడంతో 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు.

కొత్తదాంట్లో ఆ పాఠం కనిపిస్తుంది. రివెట్లకు బదులు వెల్డింగు, కాంక్రీటులో స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు, పైన తుప్పును అడ్డుకునే పాలీసిలోక్సేన్ పూత. 18.3 మీటర్ల స్పాన్లు 99, మధ్యలో 72.5 మీటర్ల లిఫ్ట్ స్పాన్. అది టవర్ల మధ్య నిట్టనిలువుగా 17 మీటర్లు లేస్తుంది. ఇక్కడా బరువును తూచేది కౌంటర్‌వెయిట్లే, తిప్పేవి మాత్రం మోటార్లు. స్తంభాలు రెండు లైన్లకు సరిపడా కట్టి, ప్రస్తుతానికి ఒక్క లైనే వేశారు. ఒక మార్కు తగ్గించేది అందుకే: 5కి 4.

రైలు వంతెనను బయటినుంచి చూడాలంటే 1988 నాటి ఇందిరాగాంధీ రోడ్డు వంతెన ఎక్కాలి. నడిరోడ్డు మీద బండి ఆపకుండా చివర్లో దిగి నడవండి. అక్టోబరు–డిసెంబరు తుపాను రోజుల్లో తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా పెట్టుకోండి. పాత వంతెన మీద గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ ఎర్రగా మారి రైలు ఆగిపోయేది. వంతెన కొత్తదైనా గాలి పాతదే.

రైల్వేకు ఒక విన్నపం: షెర్జర్ రెక్క ఒక్కటైనా, చేత్తో తిప్పే గేర్లతో సహా, పిల్లలు తాకి చూసేలా ఒడ్డున భద్రపరచాలి.