కుటుంబ ప్రార్థనలో ఎనిమిదేళ్ల హార్మోనియం: వాడి చూశాక నా మాట

మా ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికే ఆ అలవాటు ఉంది. ఒక పాట, ఒక అధ్యాయం, మా ఆయన ప్రార్థన, చివర అందరం కలిసి పరలోక ప్రార్థన. పెద్దవాడికి తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆ రోజు అధ్యాయంలో ఎన్ని వచనాలున్నాయో ముందే లెక్కపెట్టుకుని కూర్చునేవాడు. చిన్నది ఆమేన్ ఎప్పుడంటారా అని ఒక కన్ను తెరిచి చూసేది. భక్తి తగ్గిందని ఆయన బాధపడేవారు. నాకైతే పిల్లలకు అక్కడ చేయడానికి పనేమీ లేదనిపించింది. 2017 క్రిస్మస్‌కు ముందు విజయవాడలో పాత వాయిద్యాలమ్మే ఒక కొట్టులో ఈ పెట్టె కొన్నాం. ఏడు వేలు.

ముందు వస్తువు సంగతి. 42 మెట్లు, మూడున్నర స్థాయిలు, గాలికి అదిరి స్వరమిచ్చే ఇత్తడి రేకులు, అంటే రీడ్లు, రెండు వరుసలు. ఒక మెట్టు నొక్కితే మరో స్థాయిలోని అదే స్వరాన్నీ పలికించే కప్లర్ ఉందన్నారు, ఉంది కూడా. అది పనిచేయదని ఇంటికొచ్చాక తెలిసింది. స్వరం మాత్రం నిండుగా ఉంది, మా హాలుకు అదే ఎక్కువ. కీబోర్డు కొనుక్కోవచ్చు కదా అని చాలామంది అడిగారు. అందులో మీట నొక్కితే తాళం దానంతటదే వస్తుంది, మరో మీటకు వయొలిన్లన్నీ మోగుతాయి. చెల్లికి ఇక మిగిలేది చప్పట్లే. పైగా అప్పట్లో మా వీధిలో కరెంటు సరిగ్గా ప్రార్థన వేళకే పోయేది.

హార్మోనియంలో నాకు నచ్చిన గుణం, నిజానికి దాని లోపమే. ఒక చేత్తో తిత్తి కొడుతూ మరో చేత్తో వాయించాలి. పిల్లలకు రెండూ ఒకేసారి కుదరలేదు. అందుకని చిన్నది వెనక కూర్చుని తిత్తి కొట్టేది, వాడు ముందు కూర్చుని వాయించేవాడు. దానికి అలక వస్తే చరణం మధ్యలో చెయ్యి తీసేసేది. పాట ఊపిరాడక మూలుగుతూ ఆగిపోయేది. ఒక రోజు ఇలాగే గొడవైతే, కానుక బలిపీఠం దగ్గర వదిలి ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమన్నాడు కదా ప్రభువు, అని ఆయన గుర్తుచేశారు. "అక్కడ సహోదరుడని ఉంది నాన్నా, సహోదరి అని లేదు" అన్నాడు వాడు. ఆ రాత్రి పాట లేదు.

అసలు మార్పు బైబిల్లోని 136వ కీర్తనతో వచ్చింది. అందులో 26 వచనాలు, ప్రతి వచనం చివరా "ఆయన కృప నిరంతరముండును". మొదటి సగం ఒకరు చదివితే రెండో సగం మిగిలినవాళ్లు పాడేలా మూడే మూడు స్వరాలతో ఒక వరుస కట్టాను. నాకు వచ్చిన సంగీతం అంతే. బాషాను రాజు ఓగు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వనిచ్చాం. 26 అయ్యాక చిన్నది ఆగలేదు. "ఈ రోజు లెక్కల టీచరు రాలేదు" అని గట్టిగా అందుకుంది. ఒక క్షణం అందరం ఆయన ముఖం చూశాం. ఆయనే ముందు పాడారు, ఆయన కృప నిరంతరముండును అని.

అప్పటినుంచి శనివారాలు మా వచనాలు మేమే కడతాం. నానమ్మ మోకాలి నొప్పి తగ్గింది, మామిడి చెట్టు పూత నిలిచింది, బస్సులో పోయిన గొడుగు దొరికింది. కొన్ని వారాలు దేనికి కృతజ్ఞత చెప్పాలో తోచక మౌనంగా కూర్చున్నాం, తిత్తి మాత్రం ఆడుతూ ఉండేది. ఇదంతా వాక్యానికి కలపడమేనని, తప్పని, మా బంధువొకరు అన్నారు. బైబిలు మూసి పక్కన పెట్టాకే మా వచనాలు మొదలుపెడతామని చెప్పాను. ఆ బంధువుకు తృప్తి కలగలేదు.

119వ కీర్తన మాత్రం మాకు చుక్కలు చూపించింది. ఆలెఫ్, బేత్ అంటూ హీబ్రూలో 22 అక్షరాలకు అక్షరానికి ఎనిమిది చొప్పున 176 వచనాలు. మనమూ అఆలతో ఒక స్తుతి రాద్దామని వేసవి సెలవుల్లో పిల్లలు పూనుకున్నారు. ఋ దగ్గర ఋతువులు ఆదుకున్నాయి. ణ దగ్గర బండి ఆగింది. దానితో మొదలయ్యే మాట ఇంటిల్లిపాదికీ తట్టలేదు. ఆ చోట ఒక గీత గీసి, "ఇక్కడ మౌనంగా స్తుతించాలి" అని రాసుకున్నారు. ఆ కాగితం ఇప్పటికీ మా బైబిల్లో ఉంది. ఈ ఎనిమిదేళ్లలో మా ఇంట్లో పుట్టిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వాక్యం అదే.

ఇక ఫిర్యాదు. అది మా అత్తగారిది. మా పాటల పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పాత తరం వాళ్లు వాటిని అలాగే పాడేవారు. పాతకాలపు కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తన ఎత్తుకున్నారంటే ఆమె ఒక్కో స్వరాన్ని నిమిరినట్టు పాడేవారు. హార్మోనియానికి ఆ పని చేతకాదు. ఈ మెట్టు, ఆ మెట్టు, మధ్యలో ఏమీ లేదు. 1940లో ఆలిండియా రేడియో దీన్ని స్టూడియోల నుంచి పంపించి, 1971 దాకా మళ్లీ రానివ్వలేదంటే గమకం, అంటే స్వరాల మధ్య ఆ జారుడూ ఊపూ, పలకదన్న అభ్యంతరమూ అందుకొక కారణం. ఆ సంగతి తెలియకుండానే మా అత్తగారు అదే తీర్పు చెప్పారు: "మీ పెట్టె నా పాటను కత్తిరిస్తోంది."

మొదట్లో మేము పట్టించుకోలేదు. వాడు జోరుగా వాయించడం, ఆమె గొంతు తగ్గించుకుంటూ పోవడం, చివరికి పెదవులు మాత్రమే కదపడం. ఇంట్లో అందరికన్నా ఎక్కువ పాటలు తెలిసిన మనిషిని రెండేళ్లు నోరు మూయించామని ఆలస్యంగా గ్రహించాను. అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. నానమ్మ పాడేటప్పుడు షడ్జమం, పంచమం నొక్కి శ్రుతి మాత్రం పట్టాలి. పిల్లలు ఆమె పాట సరిగ్గా విన్నది ఆ తర్వాతే. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ నియమం మొదటి రోజే పెట్టుకోండి. రెండేళ్ల కిందట ఆమె ప్రభువు దగ్గరకు వెళ్లారు.

హార్మోనియం కొంటే పిల్లలకు విశ్వాసం పెరుగుతుందా అని మా సంఘంలో ఒకామె అడిగింది. పెద్దవాడు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. పదిహేనేళ్లప్పుడే "వాయిస్తాను కానీ ప్రార్థన చెప్పను, నాకింకా తేలలేదు" అన్నాడు. ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నేను బలవంతపెట్టవద్దన్నాను. ఇప్పటికీ వాయిస్తున్నాడు, ప్రార్థన చెప్పడం లేదు. నానమ్మ పాటల్లో మెట్ల మీద పలకని చోట చేతులు తీసేసి గొంతుతో పాడతాడు. ఆ ప్రశ్న అడిగినామెకు ఇవ్వగల జవాబు నా దగ్గర ఇంతే ఉంది.

నిర్వహణ: వానాకాలంలో చెక్క ఉబ్బి మెట్లు బిగుసుకుంటాయి, కొన్నిసార్లు నొక్కకుండానే ఒకటి కూస్తూ ఉంటుంది. ఒకసారి ఎలుక తిత్తి కొరికింది; మెత్తని తోలు ముక్క అంటిస్తే సరిపోయింది. రీడ్‌లో దుమ్ము చేరి స్వరం బొంగురుపోతే సన్నని కాగితం దూర్చి తీయవచ్చు. శ్రుతి సరిచేయడం మాత్రం పనివాడికే వదలండి. రీడ్ కొస గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు గీకితే తగ్గుతుంది, ఎక్కువ గీకితే రీడే పోతుంది. మూడోది నేను చేసి చూశాను.

ప్రస్తుతం మధ్య స్థాయి గాంధారం గరగరమంటోంది. వాడు ఆదివారం పెట్టె విప్పాడు. మరలు ఒక గిన్నెలో, మెట్లు పాత పేపరు మీద వరుసగా, ఒక్కోదాని పక్కన పెన్సిలుతో అంకె. ఈ వారమంతా చిన్నది స్టీలు కంచం మీద తాళం వేస్తోంది. పేపరు కదిలితే వరుస పోతుందని హాల్లో ఫ్యాను వేయనివ్వడం లేదు వాడు. చెమటలు కారుతుండగానే ప్రార్థన చేసుకుంటున్నాం.