బ్రాడీపేట డీటీపీ షాపులో జర్మన్ కౌంట్ పుస్తకం

గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో ఒక పాత మేడ మెట్ల కింద చిన్న డీటీపీ, బైండింగ్ షాపు ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక కటింగ్ మిషన్, అంతే. పోయిన నెల అక్కడ 64 పేజీల పుస్తకం 50 కాపీలు వేయించుకున్నాను.

పుస్తకం సంగతి ముందు చెప్పాలి. మా అమ్మాయి జర్మనీలోని ట్యూబింగెన్‌లో చదువుతోంది. 1477లో ఆ విశ్వవిద్యాలయాన్ని పెట్టింది ఎబర్‌హార్ట్ అనే కౌంట్. కౌంట్ అంటే చక్రవర్తి కింద ఒక ప్రాంతాన్ని ఏలే ప్రభువు. ఈయనది వుర్టెంబర్గ్, అదీ సగమే. 1442లో రాజ్యం రెండు ముక్కలైంది, ఉరాహ్ ముక్క ఈయన తండ్రికి వచ్చింది. తండ్రి పోయేనాటికి పిల్లవాడికి నాలుగేళ్ళు. అన్న కూడా చిన్న వయసులోనే పోతే, 1459లో పద్నాలుగేళ్ళకే పాలన చేతికొచ్చింది. 1468లో జెరూసలేం యాత్ర చేశాడు. ‘సాహసిస్తాను’ అనే మాటనూ ఖర్జూర చెట్టునూ తన గుర్తులుగా పెట్టుకున్నాడు. 1482లో మున్సింగెన్ ఒప్పందంతో రెండు ముక్కలనూ కలిపి, ఇక విడదీయకూడదని రాయించాడు. అన్నదమ్ముల పంపకాల్లో చెక్కలైపోయిన పొలాలు చూసినవాళ్ళం కదా, ఆ పని ఎంత కష్టమో మనకు తెలుసు.

నాకు ఆయన మీద ప్రేమ కలిగింది మాత్రం వేరే కారణంతో. ఆయనకు లాటిన్ రాదు. ఆ రోజుల్లో చదువంతా లాటిన్‌లోనే. అయినా పట్టు విడవకుండా పుస్తకాలను జర్మన్‌లోకి అనువదింపజేసుకుని చదివాడు. తెలుగు మీడియం బడుల్లో 32 ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని, ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆయన కథను మన పిల్లలకు తెలుగులోనే ఇవ్వాలని నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను.

షాపులో టైపు చేసే అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. పేజీకి 40 రూపాయలు, రెండు ప్రూఫులు అందులోనే. మొదటి ప్రూఫులో ఎబర్‌హార్ట్ పేరు మూడు రకాలుగా పడింది, 1482 కాస్తా 1842 అయింది. గుర్తు పెట్టి ఇస్తే అన్నీ దిద్దింది. నా చేతిరాత అర్థం కానిచోట ఊహించి కొట్టేయకుండా ఫోన్ చేసి అడిగింది. ఈ ఒక్క పద్ధతి కోసమే ఆ షాపుకి మళ్ళీ వెళ్తాను.

రెండో ప్రూఫు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు, “మేడమ్, ఒకటి అడగొచ్చా అండీ?” అంది. “యూదులను ఊళ్ళో ఉండనివ్వలేదని ఒక్క లైను రాశారు. వాళ్ళేం చేశారని?”

వాళ్ళేమీ చేయలేదు. విశ్వవిద్యాలయం పెట్టిన ఏడాదే ట్యూబింగెన్‌లో వాళ్ళు ఉండకూడదన్నాడు. తన వీలునామాలో రాజ్యం మొత్తానికీ అదే ఆజ్ఞ రాయించాడు. నేను మెచ్చిన మనిషి చేసిన పని కాబట్టి ఒక్క లైనులో దాటేశాను. పుస్తకం చివర రెండు పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఇంటికెళ్ళి ఆ రాత్రే ఆ రెండు పేజీలూ రాశాను. ఇప్పుడు పుస్తకంలో నాకు గట్టిగా అనిపించే భాగం అదే.

ఇక లోపాలు. అట్ట మీద ఖర్జూర చెట్టు అడిగితే మొదట సముద్రం ఒడ్డున కొబ్బరిచెట్టు పెట్టారు. మార్చడానికి మూడు రోజులు పట్టింది. శుక్రవారం ఇస్తామన్నది మంగళవారం చేతికొచ్చింది. మా అమ్మాయి సోమవారం రాత్రే బయల్దేరాలి. టెన్షన్ పడి షాపులోనే కూర్చుంటే, సాయంత్రానికి పది కాపీలు మాత్రం బైండు చేసి ఇచ్చారు. తొందరలో చేసినందువల్లేమో, అందులో రెండింటికి గమ్ము సరిగా పట్టక మధ్య పేజీలు ఊడొచ్చాయి. వాటికి బదులు కొత్తవి మారుమాట లేకుండా ఇచ్చారు గానీ, అప్పటికే పాతవి విమానం ఎక్కేశాయి. తేదీ ముఖ్యమైతే వారం ముందే చెప్పండి.

కాగితం 80 జీఎస్ఎం, వెనకపేజీ అక్షరాలు ఇవతలికి కనపడటం లేదు. అచ్చు నల్లగా, స్పష్టంగా ఉంది. నా వయసువాళ్ళకు పద్నాలుగు పాయింట్ల అక్షరం పెట్టమంటే పేజీలు పెరుగుతాయని లెక్కగట్టి చూపించి, పదమూడుకి ఒప్పించారు. హాయిగా చదవగలుగుతున్నాను. టైపింగు 2,560, అచ్చూ బైండింగూ కాపీకి 70 చొప్పున 3,500, అట్ట డిజైనుకు 400. మొత్తం 6,460 రూపాయలు. అరండల్‌పేటలో నేను అడిగిన ఇంకోచోట టైపింగు కాకుండానే కాపీకి 95 చెప్పారు.

ఆదివారం షాపు తీయరు. మిగతా రోజుల్లో పదిన్నర తర్వాత వెళ్తే ఆ అమ్మాయి ఉంటుంది. రాతప్రతి ఏదైనా సరే ఆ అమ్మాయికే ఇవ్వమని అడగండి. నా పుస్తకం ఒక కాపీ డబ్బిచ్చి కొనుక్కుంటానంది. డబ్బు తీసుకోలేదు, పేరు రాసి ఇచ్చి వచ్చాను.