‘మిర్చ్ మసాలా’నా, ‘నిశాంత్’నా? మహిళా సంఘంలో చూపించడానికి ఏది మేలు?

రెండింట్లోనూ స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా ఉన్నారు. రెండింట్లోనూ అధికారం చేతిలో ఉన్నవాడి కన్ను ఊళ్లో ఒక ఆడమనిషి మీద పడుతుంది, ఊరు నోరు మెదపదు. సంఘం మీటింగులో నలభై యాభై మందికి ఒక్క సినిమానే చూపించే వీలుంటే మాత్రం కేతన్ మెహతా ‘మిర్చ్ మసాలా’ (1987) పెట్టాలి. శ్యామ్ బెనెగల్ ‘నిశాంత్’ (1975) రెండోసారికి. ఎందుకో చెప్పాలంటే రెండు సినిమాల ముగింపులూ చెప్పక తప్పదు.

‘నిశాంత్’ మనకు దగ్గరి కథ. 1945 నాటి తెలంగాణ దొరతనం, దక్కనీ యాస. బడిపంతులు భార్య సుశీల (షబానా ఆజ్మీ)ను దొర తమ్ముళ్లు ఇంట్లోంచి ఎత్తుకుపోతారు. పంతులు పోలీసు పటేల్ నుంచి కలెక్టరు దాకా తిరుగుతాడు, ఎవరూ కదలరు. చివరికి ఊరు తిరగబడుతుంది. కానీ ఆ మంటలో దొరలతోపాటు సుశీలా పోతుంది, ఏ పాపం తెలియని చిన్నకోడలు రుక్మిణీ పోతుంది. ఆడదాని పేరు మీద లేచిన తిరుగుబాటు ఆడవాళ్లనే మింగింది. విజయ్ తెండూల్కర్ రాసిన ఈ చేదు నిజమే, కాదనలేం. అయితే మొదటిసారి కలిసి కూర్చున్న సంఘానికి ఇది చూపిస్తే గదిలో మౌనం మిగులుతుంది, మాట పెగలదు.

‘మిర్చ్ మసాలా’ ఎదురుతిరిగే పని ఆడవాళ్ల చేతుల్లోనే పెట్టింది. స్వాతంత్ర్యానికి ముందు గుజరాత్ వైపు పల్లె. పన్ను వసూలుకు వచ్చిన సుబేదార్ (నసీరుద్దీన్ షా) ఆ ఊరి సోన్‌బాయి (స్మితా పాటిల్)ని రమ్మంటాడు. ఆమె అతని చెంప పగలగొట్టి పరిగెత్తి కారం కార్ఖానాలో దూరుతుంది. ముసలి కాపలాదారు అబూ మియా (ఓం పురి) తలుపు గడియ వేస్తాడు, ఇక ఎవరు చెప్పినా తీయడు. సోన్‌బాయిని అప్పజెప్పేద్దామని పంచాయతీ మగవాళ్లు తేల్చేస్తారు.

అసలు చర్చ లోపల జరుగుతుంది. కార్ఖానా ఆడవాళ్లలోనే కొందరు ‘నువ్వు వెళ్లిపో, మా ప్రాణాలు దక్కుతాయి’ అంటారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, భయపడ్డవాళ్లు. ఆఖరికి తలుపు విరుగుతుంది, అబూ మియా తూటాకు పడిపోతాడు. అప్పుడు ఆ ఆడవాళ్లే గుడ్డలో దంచిన కారం నింపి సుబేదార్ ముఖాన విసురుతారు. వాళ్ల కూలిపనే వాళ్ల ఆయుధమైంది. గుంటూరు, ఖమ్మం వైపు మిరపకాయ తొడిమలు తీసే ఆడవాళ్లకు ఆ ఎర్రటి కుప్పలు, కళ్లలో మంట, చేతుల్లో సెగ ఒకరు వివరించనక్కర్లేదు.

చూపించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. సినిమా రెండు గంటల పైచిలుకు. చర్చకు ముప్పావు గంట కలిపి మూడు గంటలు అనుకోండి. సినిమా హిందీలో ఉంటుంది, అలాగని మొత్తం తెలుగులో చెబుతూ పోతే సౌండు పాడై ఎవరికీ ఏదీ దక్కదు. నాలుగు చోట్ల ఆపి రెండేసి వాక్యాలు చెబితే చాలు: ఏటి ఒడ్డున మొదటి ఎదురుపాటు, పంచాయతీ, కార్ఖానాలో వాదన, అబూ మియా తలుపు తీయననడం. ముఖీ (ఊరి పెద్ద) భార్య సరస్వతి (దీప్తి నావల్) కూతురిని బడిలో వేసే చోట ఆపక్కర్లేదు, దానికదే అర్థమవుతుంది. సినిమా కొడవలి పట్టిన సోన్‌బాయి మీద ఆగిపోతుంది. అక్కడ వెంటనే లైట్లు వేస్తే చప్పట్లు కొట్టి లేచిపోతారు. రెండు నిమిషాలు చీకట్లోనే ఉంచి, ‘ఆమెను పంపేద్దామన్నది ఎవరు, ఎందుకన్నారు’ అని అడగండి. మాటలు అక్కడే మొదలవుతాయి.

‘నిశాంత్’ చూపిస్తే గది బాగా చీకటిగా ఉండాలి. పొద్దు గూకకముందు షామియానా కింద ప్రొజెక్టరు పెడితే రాత్రి సన్నివేశాల్లో ముఖాలే కనబడవు. పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లకు ఎత్తుకుపోయే సన్నివేశం గురించి ముందే చెప్పాలి.

‘పార్చ్‌డ్’ (2015) కూడా ఈ కోవలోదే, పెళ్లి, ఒళ్లు, దెబ్బల గురించి దాపరికం లేకుండా మాట్లాడుతుంది. అది పెద్దవాళ్లకే, అదీ ఒకరినొకరు ఎరిగిన పదిమంది ఆడవాళ్ల మధ్య తలుపు వేసుకుని చూసేది.