లీడర్‌షిప్ ట్రైనింగ్‌కి డబ్బు కట్టే ముందు ఇది చదవండి: రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వ్యాపారస్తులకు

ఒడిశా బోర్డర్‌లో వ్యాపారం చేసుకుంటున్న మన తెలుగువాళ్లందరికీ చెప్తున్నాను. ఫోన్లో "ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్, ఎమోషనల్ ఇంటెలిజెన్స్, పూర్తిగా తెలుగులో, 99 రూపాయలే" అని యాడ్ కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్ అంటే నలుగురిలో హుందాగా, ధైర్యంగా కనపడటం, మాట్లాడటం; ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటే మన మనసుని, ఎదుటివాళ్ల మనసుని తెలుసుకుని మసలడం. ఆ 99తో పోయేదేమీ లేదు, అసలు దెబ్బ ఆ తర్వాత ఉంటుంది. నా దగ్గర 60,000 ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 70,800 తీసుకున్నారు. ఇస్తామన్నదాంట్లో సగం కూడా ఇవ్వలేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు తెలిసినా పెద్ద లాభం లేదు, ఇదే పద్ధతిలో వేరే పేర్లతో చాలామంది తిరుగుతున్నారు, అందుకే వాళ్ల పద్ధతి చెప్తాను.

ముందు ఒక మాట. నేర్చుకోవాల్సిన విషయమే ఇది, అందులో నాకు అనుమానం లేదు. మాది రాయగడలో సిమెంటు, హార్డ్‌వేర్ డీలర్‌షిప్. నాన్నగారి తర్వాత నా చేతికి వచ్చింది. కౌంటర్లో తెలుగు, కస్టమర్లతో ఒడియా, బిసంకటక్ వైపు నుంచి వచ్చే, సరుకు ఎత్తే కలాసీలు తమలో తాము కుయి భాష మాట్లాడుకుంటారు, భువనేశ్వర్ నుంచి వచ్చే కంపెనీ ఆఫీసర్లతో ఇంగ్లీషు. డీలర్ల మీటింగులో లేచి నాలుగు మాటలు మాట్లాడాలంటే టెన్షన్, బాకీ వసూలుకి వెళ్తే గొంతు పెరిగిపోవడం, మంచి సేల్స్ కుర్రాళ్లు చెప్పాపెట్టకుండా మానేయడం, ఇవన్నీ మనలో చాలామందికి ఉన్న కష్టాలే. ఈ అవసరం నిజమైనది కాబట్టే దీనిమీద ఇంత వ్యాపారం నడుస్తోంది.

ఇక వాళ్లు ఏం చేస్తారో చెప్తాను. 99 రూపాయల వెబినార్ రెండు గంటలు ఉంటుంది, చివరి అరగంట అంతా పెద్ద కోర్సు గురించే. స్క్రీన్ మీద గడియారం తిరుగుతూ ఉంటుంది, "ఈ రాత్రి 12 లోపల కడితే 60,000, రేపటి నుంచి 1,20,000, ఏడు సీట్లే మిగిలాయి" అని. వారం తర్వాత మా తోడల్లుడు అదే వెబినార్ చూశాడు, అవే ఏడు సీట్లు, అదే రాత్రి 12. ఇలాంటి దొంగ తొందర పెట్టడాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో నిషేధించింది. మొత్తం 13 రకాల మోసపు పద్ధతులు రాశారు, అందులో ఇదొకటి. కాబట్టి గడియారం కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వెబినార్ అయ్యాక ఫోన్ వస్తుంది. చాలా మర్యాదగా, సార్ సార్ అంటూ. ఫోన్ చేసిన అమ్మాయి నాకు ఇచ్చిన మాటలు ఇవి: విశాఖపట్నంలో రెండు రోజుల క్లాసు, మూడు నెలలపాటు నాతో ఒక్కడితోనే ఆరు కోచింగ్ సెషన్లు, అంతా తెలుగులో, నచ్చకపోతే డబ్బు వాపసు. ఇవేవీ ఈమెయిల్లో రాసి పంపరు. ఫోన్లో మాత్రమే చెప్తారు. అక్కడే మెలిక ఉంది.

విశాఖ వెళ్లాక క్లాసు తెలుగులో మొదలై గంటలోపల హిందీకి, అక్కడి నుంచి ఇంగ్లీషుకి వెళ్లిపోయింది. శ్రీకాకుళం, పర్లాకిమిడి వైపు పెద్దవాళ్లు కొందరు ఊరికే తల ఊపుతూ కూర్చున్నారు. సరే, భాష సంగతి వదిలేద్దాం, చెప్పిన విషయమైనా సరైనదా అంటే అదీ కాదు. "మనిషి ప్రభావంలో మాటలు 7 శాతమే, గొంతు 38, శరీర భాష 55, ఇది సైన్సు" అని మొదటి గంటలోనే చెప్పారు. ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రబియన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ 1967లో చేసిన ప్రయోగాలవి. ఒక్కొక్క పదం పలికించి, పలికిన మనిషికి ఇష్టమా అయిష్టమా అన్నది వినేవాళ్లు ఎలా పోల్చుకుంటారో చూశారు, అంతే. అన్ని మాటలకూ ఇది వర్తించదని ఆయనే చెప్పారు. మీరు సిమెంటు రేటు, క్రెడిట్ గడువు మాట్లాడుతుంటే అందులో మాటలు 7 శాతమే అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

తర్వాత అందర్నీ లేపి, కాళ్లు ఎడంగా పెట్టి, నడుం మీద చేతులు పెట్టి రెండు నిమిషాలు నిలబెట్టారు. ఇలా నిలబడితే ఒంట్లో హార్మోన్లు మారి ధైర్యం వస్తుందని, హార్వర్డ్ పరిశోధన అని. ఆ పరిశోధన 2010లో వచ్చింది, 42 మంది మీద చేశారు. 2015లో వేరే బృందం 200 మంది మీద మళ్లీ చేస్తే హార్మోన్ల మార్పు కనపడలేదు, కాస్త ధైర్యంగా అనిపించిందని మాత్రం చెప్పారు. 2016లో మొదటి పరిశోధన రాసిన వాళ్లలో ఒకరైన డానా కార్నీ, ఆ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని బహిరంగంగా రాశారు. ఇదంతా ఎవరైనా వెతికితే దొరికే సమాచారమే. ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్నే సైన్సని అమ్ముతున్నారంటే వాళ్లు చదవనైనా లేదు, లేకపోతే తెలిసే చెప్తున్నారు. రెండింట్లో ఏదైనా మన డబ్బుకి తగిన గురువులు కారు.

"జీవితంలో విజయానికి ఈక్యూ 80 శాతం" అన్న మాట కూడా వింటారు. ఈక్యూ అంటే ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌కి, ఐక్యూ అంటే మామూలు తెలివితేటలకి వేసే కొలత. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే ఇద్దరు ఎమోషనల్ ఇంటెలిజెన్స్ గురించి పరిశోధనా వ్యాసం రాశారు, 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో అది జనంలోకి వచ్చింది. గోల్‌మన్ అన్నది ఐక్యూ వాటా సుమారు 20 శాతం, మిగతాది ఇతర కారణాల వల్ల అని. ఆ ఇతర కారణాల్లో పుట్టిన ఇల్లు, అదృష్టం, అన్నీ ఉన్నాయి. మిగిలిన 80 అంతా ఈక్యూ అని తాను అనలేదని ఆయనే తర్వాత స్పష్టం చేయాల్సి వచ్చింది.

వాళ్లు వేసే ఈక్యూ మార్కుల సంగతి ఇంకా దారుణం. మొదటి రోజు ఫోన్లో ప్రశ్నలు ఇచ్చారు, "నాకు కోపం వచ్చినా అదుపులో ఉంచుకుంటాను, అవును/కాదు" తరహాలో. నాకు 61 వచ్చింది. రెండో రోజు సాయంత్రం అవే ప్రశ్నలు, 84 వచ్చింది, సర్టిఫికెట్ మీద ఆ 84 ముద్రించి ఇచ్చారు. రెండు రోజుల్లో నాలో ఏం మారింది? ఏ జవాబుకి మార్కులు పడతాయో తెలిసింది, అంతే. మన గురించి మనమే చెప్పుకునే పరీక్ష అది. మేయర్, సాలొవే, డేవిడ్ కరూసో కలిసి తయారుచేసిన పరీక్ష వేరేగా ఉంటుంది, ముఖాల ఫోటోలు చూపించి ఇతని మనసులో ఏముందో చెప్పమంటారు, సందర్భం ఇచ్చి ఏం చేస్తే పరిస్థితి చక్కబడుతుందో అడుగుతారు. ట్రైనర్‌ని ఈ తేడా గురించి అడిగితే "సార్, మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు, అదే మీ బ్లాక్" అన్నాడు.

నాకు బాగా బాధ కలిగించింది రెండో రోజు మధ్యాహ్నం జరిగింది. లైట్లు తగ్గించారు, సంగీతం పెట్టారు, కళ్లు మూసుకుని పోయిన అమ్మానాన్నల్ని తలచుకోమన్నారు, వాళ్లకి చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెప్పమన్నారు. హాలంతా ఏడుపు. పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒకావిడ, భర్త పోయాక బట్టల షాపు తనే నడుపుకుంటున్నారు, ఆపుకోలేకపోయారు. లైట్లు వేయగానే, ఆవిడ కళ్లు తుడుచుకోకముందే, "డైమండ్ సర్కిల్" అని మూడున్నర లక్షల కోర్సు ఫారం పట్టుకుని ఒక కుర్రాడు పక్కన కూర్చున్నాడు. "ఆంటీ, మీవారు ఉంటే ఒద్దనేవారా? ఈఎంఐ ఉంది, ఓటీపీ చెప్పండి చాలు" అని. నేను లేచి వెళ్లి "అమ్మా, ఇవాళ వద్దు, ఇంటికి వెళ్లి మీ అబ్బాయితో మాట్లాడి అప్పుడు కట్టండి" అన్నాను. "నిజమే బాబూ, ఒళ్లు తెలియడం లేదు నాకు" అని ఫోను సంచిలో పెట్టుకున్నారు. ఇంకా చాలామంది కట్టారు. ఎదుటివాళ్ల మనసు తెలుసుకుని మసలడం నేర్పిస్తామని పిలిచి, దుఃఖంలో ఉన్న మనిషిని అప్పుకి ఒప్పించడం నాకు క్షమించరాని పనిగా అనిపించింది.

ఆరు వ్యక్తిగత సెషన్ల సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. జూమ్‌లో వందమందికి పైగా ఉన్న గుంపు క్లాసులు పెట్టారు, మైకులన్నీ ఆఫ్. అడిగితే "గ్రూప్ కోచింగే ఇంకా పవర్‌ఫుల్ సార్" అన్నారు. డబ్బు వాపసు అడిగితే, ప్రతి అసైన్‌మెంటూ 24 గంటల్లో పంపినవాళ్లకే వాపసు అని ఎక్కడో షరతుల పేజీలో ఉన్న లైను చూపించారు.

అక్కడ నేర్పిన ప్రెజెన్స్ మన గొడౌన్లకి పనికిరాదన్నది ఇంకో విషయం. కళ్లలోకి సూటిగా చూడు, మౌనంగా ఉండేవాడు బలహీనుడు, ఎదుటివాడు ఎదురు చెప్పలేదంటే ఒప్పుకున్నట్టే అన్నారు. మా దగ్గర పనిచేసే పెద్ద కలాసీ ఒకాయన ఏదైనా నచ్చకపోతే ఒక్క మాట అనడు, మర్నాటి నుంచి మెల్లగా రావడం తగ్గిస్తాడు, ఆయన వెనకే ఆ ఊరి నుంచి వచ్చే మిగతావాళ్లూ. ఆయన మౌనం ఒప్పుకోలు కాదు. ఆయన వయసు మనిషి కళ్లలోకి గుచ్చి చూస్తూ మాట్లాడితే పొగరనుకుంటారు. మా కలాసీలు నన్ను లెక్కచేసేది నా నిలబడే తీరు చూసి కాదు, శనివారం కూలి చీకటి పడకముందే చేతిలో పడిందా, సంతకి వెళ్లే టైముకి వదిలేశానా అన్నది చూసి. ఇది తెలిసిన మనిషి మన దగ్గరికి వచ్చి, ఒక పూట గొడౌన్లో కూర్చుని, నేను గుమస్తాతో ఎలా మాట్లాడుతున్నానో చూసి చెప్తే ఆ డబ్బుకి అర్థం ఉంటుంది.

అందుకని ఎవరికైనా కట్టే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: నేను పనిచేస్తుండగా మీరు చూస్తారా, చూసి ఏం మారిందో ఎలా తేలుస్తారు? దీనికి సర్టిఫికెట్, స్కోరు అని జవాబు వస్తే ఫోన్ పెట్టేయండి. మంచి కోచ్ అయితే మీతో పనిచేసేవాళ్లని కూడా అడగనివ్వమంటాడు. చిన్న షాపులో ఒక ఇబ్బంది ఉంది, పదిమందే ఉంటారు కాబట్టి ఎవరు ఏం రాశారో మనకి తెలిసిపోతుంది, ఆ భయంతో అందరూ బాగుందనే రాస్తారు. రిటైరైన బ్యాంకు మేనేజరో, టీచరో, అందరూ గౌరవించే బయటి మనిషి ఒకరు విడివిడిగా మాట్లాడి పేర్లు లేకుండా సారాంశం చెప్పేలా పెట్టుకుంటే నిజాలు బయటికొస్తాయి. ఇప్పుడు నేను అలాగే చేయిస్తున్నాను, మొదటిసారి విన్న మాటలు మింగుడు పడలేదు గానీ అన్నీ నిజాలే.

"ఇంటర్నేషనల్ సర్టిఫైడ్ కోచ్" అంటే ఎవరి సర్టిఫికెట్ అని అడగండి. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అని 1995 నుంచి ఉన్న సంస్థ ఉంది. అందులో ఏసీసీ అన్న మొదటి మెట్టుకే 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి, ఆ పై మెట్లు పీసీసీకి 500, ఎంసీసీకి 2,500. పేరు కొట్టి వాళ్ల వెబ్‌సైట్లో వెతకవచ్చు. మా ట్రైనర్ ఆ ముద్ర వాడుకున్నాడు, ఆ పేరు మాత్రం అందులో దొరకలేదు. పెద్ద సంస్థల్లోనే చదవాలనుకుంటే భువనేశ్వర్‌లో ఎక్స్‌ఐఎం యూనివర్సిటీ, సంబల్‌పూర్, విశాఖపట్నంలలో ఐఐఎంలు ఉన్నాయి. ఫీజు ఎక్కువే, కానీ ఏం చెప్తారో ఎవరు చెప్తారో ముందే అడిగి తెలుసుకోవచ్చు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, వాళ్ల ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, బెంగళూరులో ఉన్నా మనం అక్కడికి పోనక్కర్లేదు. మీరు కట్టిన డబ్బు ఐదు లక్షల వరకు అయితే కేసు ఫీజు లేదు, రెండేళ్లలోపల వేయాలి. ఒక్క చిక్కు ఉంది: వ్యాపార అవసరానికి తీసుకున్న సేవ కాబట్టి మీరు వినియోగదారులే కారని వాళ్ల లాయరు నాకు జవాబు పంపాడు. వాణిజ్య అవసరాల కోసం కొన్నవాళ్లని చట్టం పక్కన పెట్టిన మాట నిజమే. ఫీజు కట్టేటప్పుడు "షాపు జీఎస్టీ నంబరు ఇవ్వండి, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది" అని అడుగుతారు, అలా బిల్లు షాపు పేరున ఉంటే ఈ వాదనకి బలం వస్తుందని మా లాయరు చెప్పారు. నా బిల్లు సొంత పేరున ఉంది, నా సొంత నైపుణ్యం కోసం కొన్నానన్నదే మా వాదన.

క్లాసులోనే ఈఎంఐకి ఓటీపీ చెప్పినవాళ్లు మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. అది కోర్సు ఫీజు వాయిదా కాదు, మీ పేరున ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన లోను. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం మీకు ఇవ్వాలి, అందులో కూలింగ్ ఆఫ్ గడువు రాసి ఉంటుంది, ఆ గడువులోపల అసలు, అప్పటివరకు అయిన రోజుల వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా బయటపడవచ్చు. గడువు చాలా తక్కువ ఉంటుంది, ముందు ఫైనాన్స్ కంపెనీకి ఈమెయిల్ పెట్టి, తర్వాతే ట్రైనింగ్ వాళ్లతో మాట్లాడండి. వాళ్ల టెలిగ్రామ్ గ్రూపులో ఉన్న హామీలు, వాయిస్ మెసేజ్‌లు అన్నీ ముందే ఫోన్లోకి దించుకోండి, వాపసు అడిగిన రోజే నన్ను గ్రూపులోంచి తీసేశారు, దించుకున్నవి తప్ప ఇంకేవీ నాకు మిగల్లేదు.