పాకాల చెరువు: చలిపొద్దున రెండు గంటల నడక

కొండలెక్కుడు నాతోని కాదు, మోకాళ్లు ఎప్పుడో చెయ్యిచ్చినయి. అందుకే పోయిన ఆదివారం వరంగల్ జిల్లా నర్సంపేట మీదుగా పాకాల పోయినం. ఏడింటికి కట్ట మీద ఉన్నం. చెరువు కనిపిస్తలేదు, అంతా మంచే. ఎక్కడో నీటికోడి కూత మాత్రం వినబడ్డది. మెల్లగ తెర తొలిగినట్టు ముందు దగ్గరి నీళ్లు, తర్వాత అవతలి గుట్టలు తేలినయి.

కాకతీయ రాజు గణపతిదేవుని కాలంల, పదమూడో శతాబ్దంల కట్టిన చెరువిది. మా ఖమ్మం మీదుగ పారే మున్నేరు మొదలయ్యేది ఇక్కడినుంచే. ఖమ్మంల పుట్టిన నాకు ఈ ముచ్చట అక్కడికి పోయినంకనే తెలిసింది, సిగ్గుచేటు!

కట్ట దిగి అడవి బాట పట్టినం. ఎత్తుపల్లాలు లేవు, మా అమ్మ సుత హాయిగ నడిచింది. కాళ్ల కింద ఎండిన టేకాకులు అప్పడాల లెక్క పటపట.

తినేటివి మాత్రం ఇంటినుంచే తీస్కపోండ్రి. మేం తాగిన బండి చాయ్ ఉత్త చక్కెర నీళ్లు. బాట పక్కన ప్లాస్టిక్ గ్లాసులు చూస్తే కడుపు మండింది, ఒక అర మార్కు అక్కడ కోసిన. అయిదుకు నాలుగున్నర.

స్వెటర్ మర్వకుండ్రి.