ప్రచార కవర్లు ఆపిస్తామని ఫారం తెస్తే పెన్ను తియ్యొద్దండి

రెండు రోజులైంది, ఇంకా కడుపు మండతానే ఉంది. తిరుపతిలో ఐడీ కార్డులు తగిలించుకుని, ప్రచార కవర్లు ఆపిస్తామని అపార్ట్‌మెంట్లకు తిరిగే బ్యాచ్ గురించే. పేరు రాయను, బైరాగిపట్టెడ, కొర్లగుంట వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. "కేటలాగులు, కరపత్రాలు, ప్రచార కాల్సు అన్నీ ఏడాది బంద్, రూ.1,200." నమ్మి ఫారం మీద సంతకం పెట్టి డబ్బు కట్టినా. ఫోన్‌పే కూడా మనిషి పేరు మీదికే పోయింది, బిల్లు లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆపడం సంగతి దేవుడెరుగు, మూడింతలైనాయి. రేణిగుంట రోడ్డు ప్లాట్లు, నీట్ కోచింగ్, చీరల కేటలాగులు, ఎవరిదో బంగారు చీటీ పథకం. అన్ని కవర్ల మీదా డోర్ నంబరు చివర 'బి' ఉంది. మా డోర్ నంబరుకు 'బి' లేదు! ఎవరు అమ్ముకుంటారో తెలుస్తుందని ఒక్కో చోట ఒక్కో తప్పు అక్షరం తగిలించి ఇవ్వడం నాకు అలవాటు. 'బి' ఇచ్చింది ఈ ఫారంలో మాత్రమే. ఇంత తెలివి ఏడ్చినోడికి ఫారం వెనక్కి తిప్పి చూసే తెలివి లేకపోయె.

ఆ ఫారం తెచ్చినోడికి ఫోన్ చేసి అడిగితే ఏమన్నాడో చూడండి. "సంతకం మీదే గదా సార్? వెనకవైపు రాసుండాది, అనుబంధ సంస్థల ఆఫర్లు పంపడానికి సమ్మతం అని. అద్దాలు పెట్టుకుని చదువుకోవాల్సింది." పైగా నవ్వు! డబ్బు తీసుకునేటప్పుడు "పెద్దాయనా, మీరు కూర్చోండి, నేను నింపుతా" అన్నది ఆ నోరే. దొంగ చేతికి తాళాలిచ్చి, కాపలాకు జీతం కూడా ఇచ్చినట్టయింది.

ఆ ఒక్క వాక్యం ఎంత చేటో చెప్తా. డీఎన్‌డీ (ప్రచార కాల్సు, మెసేజ్‌లు వద్దని చేసుకునే నమోదు) పెట్టుకున్న నంబరుకైనా, మనం విడిగా సమ్మతి ఇచ్చిన సంస్థ ప్రచార మెసేజ్ పంపొచ్చు. సమ్మతిదే పైచెయ్యి. బట్టల షాపుల్లో లక్కీ డ్రా కూపన్ నింపించేది కూడా ఇందుకే, కారు ఇయ్యడానికి కాదు.

ఇంకో మోసం, ట్యాబ్‌లో అమెరికా పేజీ చూపించడం. అక్కడ ప్రచార పోస్టు వద్దనేవాళ్ళు పేరు రాయించుకునే డీఎంఏ చాయిస్ అనే జాబితా ఉంది. అప్పు, ఇన్సూరెన్సు ఆఫర్లను ఐదేళ్ళ పాటు ఆపే ఆప్ట్ అవుట్ ప్రీస్క్రీన్ వేరే ఉంది. ఇంగ్లండ్‌లో అట్లాంటిదే మెయిలింగ్ ప్రిఫరెన్స్ సర్వీస్, అదైతే ఉచితం. మన దేశంలో పోస్టు కవర్లకు అట్లాంటి ఒకే జాబితా లేదు. లేనిదాంట్లోంచి మన పేరు ఎట్ల తీస్తాడు?

నిజంగా పనిచేసేవి ఇవి, అన్నీ ఊరికే అయ్యేవే. 1909కి START 0 అని మెసేజ్ పెడితే డీఎన్‌డీ పడుతుంది. START అక్షరాలు ఇంగ్లీషువి, సున్నాకు ముందు ఖాళీ వదలాలి. బ్యాంకు ఓటీపీలు ఆగవు, భయం వద్దు. అయినా పది అంకెల మామూలు నంబరు నుంచి ప్రచార కాల్ వస్తే (వాళ్ళు 140తో మొదలయ్యేవే వాడాలి) టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ళ డీఎన్‌డీ యాప్‌లో ఏడు రోజుల్లోపు ఫిర్యాదు పెట్టాలి. ఆలస్యమైతే ఫిర్యాదుగా తీసుకోరు.

పోస్టులో మన పేరుతో వచ్చిన కేటలాగును విప్పకుండా, మీద 'తిరస్కరించడమైనది' అని రాసి సంతకం చేసి పోస్టుమ్యాన్ చేతికే ఇవ్వాలి. ఒకసారి చించితే తీసుకున్నట్టే లెక్క. పంపినోడి చిరునామా లేని కవరుకు ఈ చిట్కా దండగ. అందుకే దీంతోపాటు కేటలాగు పంపిన కంపెనీకి 'నా పేరు, చిరునామా తీసేయండి' అని ఈమెయిల్ పెట్టాలి, కవరు మీద పేరు ఎట్ల అచ్చయిందో అక్షరం పొల్లు పోకుండా అట్లే రాయాలి. మన అసలు పేరు రాస్తే వాళ్ళ కంప్యూటర్‌లో దొరకదు. పేపర్లో పెట్టే కరపత్రాలు పేపరాఫీసువి కావు, తెల్లారుజామున ఏజెంటు దగ్గర పెట్టేవి. ఆయనకే చెప్పుకోవాలి, వింటే విన్నట్టు.

బిల్లు కౌంటర్లో ఫోన్ నంబరు ఇవ్వక తప్పదని బలవంతం చేయకూడదని 2023 మేలోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు చెప్పింది. "నంబరు లేకుండా కంప్యూటర్ తీసుకోదు సార్" అంటారు, పక్కకు జరగకుండా అక్కడే నిలబడండి, తీసుకుంటుంది.

ఇప్పటికే ఇచ్చేసినోళ్ళు ఉంటే ఫోన్‌పే రసీదు చెరపొద్దు, ఫారం కాపీ ఉంటే రెండువైపులా ఫొటో తీసి పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ముఖ్యంగా వెనకవైపు.